గ్యాస్ పైపులో హైడ్రోజన్: ఎందుకు కలుపుతారు? ఎంత కలపొచ్చు?

పినపాక మండలంలో వంట గ్యాస్ అంటే సిలిండరే. గూడేల వైపు వెళ్తే సిలిండరు ఉన్న ఇంట్లో కూడా కట్టెల పొయ్యి ఆరిపోలేదు. పైపు గ్యాసే లేని చోట, ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ కలిపే ముచ్చట మనకెందుకు అనిపించడం సహజం. కానీ ఈ ముచ్చటలోని చిక్కులన్నీ మన చుట్టుపక్కల కనిపించేవే. మణుగూరు దాటి అశ్వాపురం దగ్గర 1991లో మొదలైన భారజల కర్మాగారం ఉంది. అక్కడి పనంతా హైడ్రోజన్‌తోనే. పినపాక, మణుగూరు మండలాల్లో విస్తరించిన భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. కోస్తా నుంచి ఖమ్మం మీదుగా రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకి సహజవాయువు పైపులైను పోతోంది. హైడ్రోజన్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దండగో తేల్చుకోవడానికి ఈ మూడూ చాలు.

కలపడం అంటే ఏం చేస్తారు?

పైపులో వచ్చే సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే ఒక మీథేన్ అణువు. అది కాలితే నీటి ఆవిరీ, కార్బన్ డయాక్సైడూ వస్తాయి. హైడ్రోజన్ కాలితే నీటి ఆవిరి మాత్రమే వస్తుంది. కాబట్టి ఉన్న పైపుల్లోనే మీథేన్‌తో పాటు కొంత హైడ్రోజన్ పంపితే, అదే పొయ్యి మీద అదే వంట కాస్త తక్కువ బొగ్గుపులుసు వాయువుతో అయిపోతుందన్నది ఆలోచన.

మన దేశంలో ఇది కాగితం దాటింది. 2022 జనవరిలో ఇందోర్ నగర గ్యాస్ పైపుల్లోకి గెయిల్ కొద్దిపాటి హైడ్రోజన్ కలపడం మొదలుపెట్టింది. 2023 జనవరిలో సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్టీపీసీ, గుజరాత్ గ్యాస్ కలిసి ఇంకో అడుగు వేశాయి. అక్కడి జలాశయం మీద తేలే 1 మెగావాట్ సోలార్ పలకల కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీశారు, దాన్ని ఉద్యోగుల కాలనీ ఇళ్ళకు వెళ్ళే గ్యాస్‌లో కలిపారు. పరిమాణంలో 5 శాతంతో మొదలై 8 శాతం దాకా వెళ్ళారు. అంతకుముందే ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో 100 ఇళ్ళకు, 30 భవనాలకు 20 శాతం దాకా కలిపి చూశారు. ఇళ్ళలో పొయ్యిలు మార్చలేదు. వంటలు మామూలుగానే అయ్యాయి.

ఇది కొత్త సంగతేనా?

కాదు. సహజవాయువు రాకముందు నగరాల్లో బొగ్గు నుంచి తీసిన గ్యాస్ పైపుల్లో పారేది, అందులో దాదాపు సగం హైడ్రోజనే. హాంకాంగ్‌లో, సింగపూర్‌లో ఇప్పటికీ హైడ్రోజన్ దండిగా ఉన్న గ్యాసే చాలా ఇళ్ళకు వస్తుంది. సింగపూర్‌లో స్థిరపడ్డ మనవాళ్ళు ఎందరో ఈ హైడ్రోజన్ మంట మీదే రోజూ పప్పు ఉడకబెట్టుకుంటున్నారు. కాకపోతే ఆ ఊళ్ళ పొయ్యిలు, పైపులు, మీటర్లు మొదటినుంచీ ఆ గ్యాస్ కోసమే అమర్చినవి. మీథేన్ కోసం వేసిన పైపులో కొత్తగా హైడ్రోజన్ పోయడం వేరే పని.

20 శాతం కలిపితే కాలుష్యం 20 శాతం తగ్గుతుందా?

తగ్గదు. చాలామంది పొరపడేది ఇక్కడే, కాబట్టి లెక్క కట్టి చూద్దాం.

ఒక ఘనపు మీటరు హైడ్రోజన్ ఇచ్చే వేడి, అంతే మీథేన్ ఇచ్చే వేడిలో మూడో వంతు కూడా ఉండదు. సుమారు 30 శాతం అనుకోండి. ఇప్పుడు 100 లీటర్ల మిశ్రమం తీసుకుందాం. అందులో 80 లీటర్లు మీథేన్, దాని నుంచి 80 పాళ్ళ వేడి. 20 లీటర్లు హైడ్రోజన్, దాని నుంచి 6 పాళ్ళు. మొత్తం 86. అంతకుముందు 100 లీటర్ల మీథేన్‌తో ఉడికిన అన్నం ఉడకాలంటే ఈ మిశ్రమం 116 లీటర్లు మండాలి. ఆ 116లో మీథేన్ 93 లీటర్లు. అంటే మనం ఆదా చేసింది 7 లీటర్లు. కార్బన్ డయాక్సైడ్ తగ్గేదీ 7 శాతమే. కవాస్‌లో మొదలుపెట్టినట్టు 5 శాతం కలిపితే తగ్గేది 1.6 శాతం.

ఏడు శాతాన్ని నేను తీసిపారేయడం లేదు. కానీ 20 అన్న అంకె విని మనసులో గీసుకున్న బొమ్మకూ ఈ 7కూ చాలా దూరం ఉంది. ప్రభుత్వ ప్రకటనల్లో, కంపెనీల కరపత్రాల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి అంకె. పాఠకులు అడగాల్సింది రెండోది.

పొయ్యి తట్టుకుంటుందా?

గ్యాస్ పొయ్యి ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. నాబ్ తిప్పగానే గ్యాస్ సన్నటి జెట్ గుండా దూసుకొస్తుంది. ఆ వేగానికి పక్కనున్న రంధ్రం నుంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నర్ చిల్లుల్లోంచి బయటికొచ్చి అక్కడ మండుతాయి. మంట చిల్లు మీద నిలబడిందంటే, కిందినుంచి వచ్చే గ్యాస్ వేగమూ, మంట కిందికి పాకాలని చూసే వేగమూ సరితూగాయన్నమాట. మీథేన్ మంట గాలిలో సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. హైడ్రోజన్ మంట రెండు మూడు మీటర్ల వేగంతో పాకుతుంది. హైడ్రోజన్ పాలు పెరిగేకొద్దీ మంట బర్నర్‌లోకి దూరడానికి చూస్తుంది. ముఖ్యంగా పాలు కాచేటప్పుడు సిమ్‌లో పెడతాం కదా, అప్పుడు. పైకి వచ్చే గ్యాస్ వేగం బాగా తగ్గిపోతుంది, మంట 'టప్'మని లోపలికి పోయి జెట్ దగ్గర మండటం మొదలుపెడుతుంది. 20 శాతం దాకా మామూలు బర్నర్లు దీన్ని తట్టుకుంటాయని కీల్ లాంటి చోట్ల తేలింది. అది దాటితే బర్నర్ మార్చాలి.

వేడి సంగతి? మిశ్రమంలో వేడి తగ్గినా హైడ్రోజన్ చాలా తేలిక కాబట్టి అదే జెట్ గుండా ఎక్కువ గ్యాస్ జారిపోతుంది. లోటు చాలావరకు అక్కడే పూడుతుంది, కాబట్టి వంట చేసేవారికి తేడా తెలియదు. సిలిండరు పొయ్యిని పైపు గ్యాస్‌కు మార్చేటప్పుడు మెకానిక్ వచ్చి జెట్లు పెద్దవి వేస్తాడు. 20 శాతం హైడ్రోజన్‌కు ఆ పని కూడా అక్కర్లేదు.

అయితే మీటరు మాత్రం ఎక్కువ తిరుగుతుంది. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడి సుమారు 18 ఘనపు మీటర్ల పైపు గ్యాస్‌కు సమానం. 20 శాతం మిశ్రమమైతే అదే వేడికి 21 ఘనపు మీటర్లు కావాలి. మీటరు కొలిచేది పరిమాణాన్ని. బిల్లు వేడిని బట్టి వేయకపోతే ఇంటివాళ్ళు ఆ మూడు ఘనపు మీటర్లకు ఊరికే డబ్బు కడతారు. సాంకేతికంగా ఇది చిన్న విషయం, ఇల్లు నడిపేవాళ్ళకు మాత్రం ఇదే పెద్దది.

ఉక్కు పైపు పాడవుతుందా?

ఈ ప్రశ్నకు సగం జవాబు మణుగూరు చుట్టుపక్కల వెల్డర్లకు తెలుసు. బాయిలర్ పైపులు, బరువు మోసే అతుకులు వెల్డింగ్ చేసేవాళ్ళు 7018 రాడ్లను తీసి నేరుగా వాడరు. ముందు ఓవెన్‌లో గంటా రెండు గంటలు కాలుస్తారు, ఆ తర్వాత వేడిగా ఉండే డబ్బాలోంచి ఒక్కొక్కటీ తీసి వాడతారు. ఎందుకంటే రాడ్ పూతకు తేమ పట్టి ఉంటే ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోతుంది. అందులోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరుతుంది. అతుకు చల్లారాక, ఒక్కోసారి మర్నాడు, పైకి బాగానే కనిపిస్తున్న అతుకు పక్కనే సన్నటి పగులు వస్తుంది. రాడ్ కాల్చకుండా వాడితే ఇన్‌స్పెక్టర్ అతుకు మొత్తం కోయించేది ఈ భయంతోనే.

హైడ్రోజన్ పరమాణువు చాలా చిన్నది. ఇనుప పరమాణువుల మధ్య సందుల్లోంచి అది నడిచి వెళ్ళగలదు. లోపల ఎక్కడ చిన్న పగులో, గట్టిపడిన చోటో, వెల్డింగ్ అంచో ఉంటే అక్కడ పోగవుతుంది. అక్కడ ఉక్కు సాగే గుణం పోగొట్టుకుని పెళుసవుతుంది. ఒత్తిడి రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండే పైపులో, ఉన్న పగులు మామూలుకన్నా వేగంగా పెరుగుతుంది. ఉక్కు ఎంత గట్టిదైతే ముప్పు అంత ఎక్కువ. తక్కువ లోహంతో ఎక్కువ ఒత్తిడి మోయడానికి తయారుచేసిన బలమైన ఉక్కు రకాలే ఇక్కడ ఎక్కువ అనుమానించాల్సినవి.

అశ్వాపురం భారజల కర్మాగారం ఈ సమస్యతో మూడు దశాబ్దాలు దాటి కాపురం చేస్తోంది. గోదావరి నీటిలో కొద్దిపాటిగా ఉండే బరువైన హైడ్రోజన్‌ను వేరుచేయడానికి అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును ఎత్తైన టవర్లలో నీటికి ఎదురుగా పంపుతారు. చల్లటి టవర్లో ఆ బరువైన హైడ్రోజన్ నీటిలోకి చేరుతుంది, వేడి టవర్లో తిరిగి వాయువులోకి వస్తుంది. ఈ రెండింటి మధ్య తిప్పి తిప్పి దాన్ని కూడబెడతారు. తడి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉక్కును తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్ పరమాణువులు జంటలై వాయువుగా పోవాల్సింది పోయి, సల్ఫైడ్ అడ్డుపడటంతో లోహంలోకి దూరతాయి. అందుకే ఈ పద్ధతిలో నడిచే ప్లాంట్లలో ఉత్పత్తి మొదలుపెట్టకముందే ఉక్కు గోడల మీద ఐరన్ సల్ఫైడ్ పొర పెరిగేలా చేస్తారు, అదే గోడకు కాపలా. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలే చోట మామూలు ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 22 దాటకూడదని పరిశ్రమ నియమం. బోల్టు దగ్గర్నుంచి అతుకు దాకా కొలుస్తారు.

మరి పైపు గ్యాస్‌లో కలిపే పొడి హైడ్రోజన్ ఇంత ప్రమాదకరమా? కాదు. అది జంట పరమాణువుల వాయువుగా ఉంటుంది, ఉక్కు ఉపరితలం మీద అంత తేలిగ్గా విడిపోదు. అసలు చూడాల్సింది శాతం కాదు, ఉక్కుకు తగిలే హైడ్రోజన్ ఒత్తిడి. 90 బార్ ఒత్తిడితో నడిచే పెద్ద లైనులో 20 శాతం కలిపితే హైడ్రోజన్ వాటా ఒత్తిడి 18 బార్. వీధుల్లో 4 బార్ దగ్గర నడిచే లైనులో 5 శాతమంటే 0.2 బార్. పైగా వీధుల్లో వేసేది ఎక్కువగా పాలిథిన్ పైపు, దానికి ఈ పెళుసుతనం రోగమే లేదు. ఇంటి లోపల పొయ్యికి వచ్చేసరికి ఒత్తిడి 21 మిల్లీబార్లు. కవాస్ కాలనీలో విజయవంతమైన ప్రయోగాన్ని చూపించి ఖమ్మం మీదుగా పోయే పెద్ద లైనులోనూ కలిపేద్దామంటే ఒప్పుకోకూడదనేది ఇందుకే. రెంటికీ శాతం ఒకటే కావచ్చు, ఉక్కు మోసే భారం ఒకటి కాదు.

పైపులో పంపేది మారితే ఏమవుతుందో మనకు అనుభవం ఉందా?

ఉంది. చాలా బాధాకరమైన అనుభవం. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవాళ్ళు, పొద్దున్నే లేచి పనిలో పడ్డవాళ్ళు, 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నిలువునా కాలిపోయాయి. అక్కడ హైడ్రోజన్ లేదు. పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన పైపులో తేమ, కండెన్సేట్ ఉన్న గ్యాస్ ప్రవహించి లోపల తుప్పు తినేసింది. పైపు బయటికి అదే పైపు, లోపల వెళ్ళేది వేరు.

హైడ్రోజన్ కలిపే ప్రతి ప్రణాళికలోనూ నగరం గ్రామం పేరు మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం. ఏ ఏడాది వేసిన పైపు, ఏ రకం ఉక్కు, అతుకులు ఎలా ఉన్నాయి, లోపలికి తనిఖీ యంత్రం పంపి చివరిసారి ఎప్పుడు చూశారు, కంప్రెసర్ల సీళ్ళు, వాల్వుల ప్యాకింగ్ హైడ్రోజన్‌కు తగినవేనా: ఇవన్నీ లైను పొడవునా తేలాకే మొదటి లీటరు కలపాలి. ఊరి పక్కన లైను పోతున్న రైతుకు ఈ వివరాలు తెలుగులో అడిగి తెలుసుకునే హక్కు ఉండాలి.

లీకైతే సిలిండరు కన్నా ఎక్కువ ప్రమాదమా?

సిలిండరులోని ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేల మీద పరుచుకుని మూలల్లో, తూముల్లో నిలుస్తుంది. మీథేన్, హైడ్రోజన్ రెండూ గాలికన్నా తేలిక, పైకి పోతాయి. కాబట్టి పైన వెంటిలేటర్ ఉన్న వంటిల్లు చాలావరకు క్షేమం. కానీ హైడ్రోజన్‌కు రెండు చెడ్డ గుణాలున్నాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది, హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎక్కడైనా అంటుకుంటుంది. అంటించడానికి కావాల్సిన నిప్పురవ్వ కూడా మీథేన్‌తో పోలిస్తే పదో వంతు కన్నా చిన్నది సరిపోతుంది. కొద్ది శాతాల్లో కలిపినప్పుడు మిశ్రమం మీథేన్‌కు దగ్గరగానే ప్రవర్తిస్తుంది, లీకును పట్టిచ్చే వాసన కూడా అలాగే ఉంటుంది. పాలు పెరిగితే లెక్క మారుతుంది.

ఆ హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది?

అసలు ప్రశ్న ఇదేనని నేననుకుంటాను.

నీటిని కరెంటుతో విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు, 9 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆ కిలోను కాలిస్తే చేతికొచ్చే వేడి 33 యూనిట్లకు సమానం. మూడో వంతు ముందే పోయింది. ఆ మిగిలిన వేడిలోనూ గ్యాస్ పొయ్యి మీద దాదాపు సగం గిన్నె పక్కల నుంచి గాలిలో కలుస్తుంది. అదే 50 యూనిట్లను నేరుగా ఇండక్షన్ పొయ్యికిస్తే 40కి పైగా గిన్నెలోకే చేరతాయి. ఒకే కరెంటుతో రెండింతలు మించి వంట అవుతుంది.

ఆ కరెంటు భద్రాద్రి థర్మల్ కేంద్రం నుంచి వచ్చిందనుకోండి. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే కిలో హైడ్రోజన్ కోసం 50 కిలోల పొగ. సహజవాయువు నుంచి ఇప్పుడు ఫ్యాక్టరీల్లో తీసే పద్ధతిలో వచ్చేది 9 లేదా 10 కిలోలే. ఆకుపచ్చ హైడ్రోజన్ అనే పేరు సూర్యుడి నుంచో గాలి నుంచో కరెంటు వచ్చినప్పుడే చెల్లుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఆ డబ్బుతో తయారయ్యే ప్రతి కిలోనూ ఎక్కడ ఖర్చు చేస్తామన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

మరి ఎక్కడ ఖర్చు చేయాలి?

ఖమ్మం మీదుగా పోయే ఆ పైపు చివరికి వెళ్ళండి. 2022 నవంబర్ 12న జాతికి అంకితమైన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా చేయగలదు. పైపులో వచ్చిన మీథేన్‌ను ఆవిరితో విడగొట్టి అక్కడ తీసేది హైడ్రోజనే. దాన్ని గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా. అంతకుముందు అదే ఊళ్ళో 1980 నుంచి 1999 దాకా నడిచిన పాత ఫ్యాక్టరీ బొగ్గును గ్యాస్‌గా మార్చి హైడ్రోజన్ తీసేది. అంటే పినపాక రైతు పత్తికి, మిర్చికి వేసే యూరియా వెనక హైడ్రోజన్ ఎప్పటినుంచో ఉంది. వంటకు హైడ్రోజన్ లేకపోయినా గడుస్తుంది, కరెంటు ఉంది. అమ్మోనియాకు ప్రత్యామ్నాయం లేదు. అది లేకుండా యూరియా లేదు.

2,200 టన్నుల అమ్మోనియాలో హైడ్రోజన్ బరువు దాదాపు 388 టన్నులు. అదంతా నీటి నుంచి తీయాలంటే రాత్రింబవళ్ళు 800 మెగావాట్లకు పైగా కరెంటు కావాలి. భద్రాద్రి కేంద్రంలో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి, వాటిలో మూడు పూర్తి సామర్థ్యంతో ఆగకుండా నడిస్తే వచ్చేంత. ఒక్క ఫ్యాక్టరీకే అంత ఆకలి ఉంటే, దొరికిన కాస్త హరిత హైడ్రోజన్‌ను వంటింటి పైపుల్లో పోసి 7 శాతం తగ్గించామని సంతోషపడటం నాకు సబబుగా తోచదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ముడిసరుకే, ఇప్పుడది ఆ మీథేన్ నుంచే వస్తోంది. కాబట్టి రామగుండంలో కూడా మీథేన్‌ను ఒక్కసారిగా మానేయలేరు. కొంత కొంతగా నీటి హైడ్రోజన్‌ను చేర్చుకుంటూ పోవచ్చు. కలపడమే పనైతే, కలపాల్సిన చోటు అది. అక్కడ ఉక్కు మొదటినుంచీ హైడ్రోజన్ కోసమే ఎంచినది, చూసుకునేవాళ్ళు రోజూ దాంతోనే పని చేసేవాళ్ళు.

పినపాక సిలిండరులో కలపొచ్చా?

కుదరదు. ఎల్పీజీ మామూలు వేడిమిలోనే కొద్దిపాటి ఒత్తిడికి ద్రవంగా మారుతుంది. 14.2 కిలోలు పల్చటి ఇనుప సిలిండరులో ఇమడటం అందుకే సాధ్యమైంది. హైడ్రోజన్ ద్రవంగా మారాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల చలి కావాలి. వాయువుగానే నింపాలంటే వందల బార్ల ఒత్తిడి, దానికి తగ్గ మందపాటి సిలిండరు కావాలి. ఏడూళ్ళ బయ్యారం నుంచి లోపలి గూడేనికి ఆటోలో వేసుకుపోయే ఎర్ర సిలిండరు ఆ పనికి రాదు. ఆ ఇళ్ళకు వంట పొగ తగ్గించాలంటే ఇప్పటికున్న దారులు రెండే: సిలిండరు నింపించుకోగలిగే ధర, లేదా ఇండక్షన్ పొయ్యిని మోయగలిగేంత వోల్టేజీతో తెగకుండా వచ్చే కరెంటు. ఆ రెండో దానికి అడ్డుపడుతున్నది అడవిలోకి సాగిన సన్నటి తీగలూ, చాలని ట్రాన్స్‌ఫార్మర్లూ. 1080 మెగావాట్లు పుట్టే చోటికి ఇంత దగ్గర్లో వాటిని బాగుచేయడానికి ఏ కొత్త ఇంధనమూ కనిపెట్టక్కర్లేదు.